సమాన ఓటు, అసమానమైన దారి
ఉత్తరాంధ్రలో ఎన్నికల నిర్వహణ, ఓటరు అనుభవం, నమ్మకం



ఈ ఉపన్యాసం సర్దార్ గౌతు లచ్చన్న గారి స్మృతికి అంకితమైనది. 1909 ఆగస్టు 16న సముద్రపు ఒడ్డున ఉన్న బారువలో, గీత వృత్తి కులంలో పుట్టి, స్వాతంత్ర్యోద్యమంలో జైళ్లకు వెళ్లి, సోంపేట ప్రజల ప్రతినిధిగా పలుమార్లు శాసనసభలో కూర్చుని, 2006 ఏప్రిల్ 19న కన్నుమూసిన ఆయన జీవితమంతా చట్టసభ గడప తొక్కే అవకాశం అంతకుముందు ఎన్నడూ లేని వర్గాల కోసం సాగింది. 1954 నవంబరులో మద్యనిషేధం వివాదం మీద టంగుటూరి ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం ఆంధ్ర శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. ఉపాధి పోయిన గీత కార్మికుల పక్షాన లచ్చన్న గారు సాగించిన పోరాటం ఆ ఘట్టానికి నేపథ్యంగా నిలిచింది. ఒక్క ఓటు ఒక ప్రభుత్వాన్ని దించగలదని ఉత్తరాంధ్ర గీత కార్మికులకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేకపోయింది. అయితే శాసనసభలో వేసే ఓటు అందరి కళ్లముందు లెక్కకు వస్తుంది. పౌరుడు వేసే ఓటు మాత్రం లెక్కకు వచ్చేలోగా జాబితా తయారుచేసేవారు, కేంద్రం ఎక్కడ పెట్టాలో నిర్ణయించేవారు, గంటలు ఖరారు చేసేవారు, యంత్రాన్ని సీలు వేసేవారు, ఇలా ఎన్నో చేతులు దాటాలి. ఈ ఉపన్యాసానికి విషయం ఆ చేతుల పనే. ఒకే నియమాన్ని కొండకూ మైదానానికీ, కూలికీ ఉద్యోగికీ ఒకే తీరుగా వర్తింపజేసినంత మాత్రాన ఓటు సమానం కాదనీ, ఆ నియమం ఎవరిమీద ఎంత భారం మోపుతున్నదో కొలిచి చూపినప్పుడే ఎన్నికల మీద నమ్మకం నిలుస్తుందనీ నిరూపించడం దీని ఉద్దేశం.

1. హక్కుకూ ఓటుకూ మధ్య ఉన్న యంత్రాంగం

ఎన్నికల నిర్వహణ అనగానే పోలింగు రోజు హడావిడి గుర్తుకు రావడం సహజమే గాని, ఆ మాటకు ఇక్కడ విస్తృతమైన అర్థం ఉంది. ఓటర్ల జాబితా తయారీ, పోలింగు కేంద్రాల ఎంపిక, సిబ్బంది నియామకం, పోలింగు వేళలు, యంత్రాల తనిఖీ, లెక్కింపు, ఫిర్యాదుల పరిష్కారం, లెక్కల ప్రకటన అన్నీ కలిసి ఎన్నికల నిర్వహణ. రాజ్యాంగంలోని 324వ అధికరణం ఈ బాధ్యతను పార్లమెంటు, శాసనసభ ఎన్నికలకు సంబంధించి భారత ఎన్నికల సంఘానికీ, 243కె అధికరణం పంచాయతీలకు సంబంధించి రాష్ట్ర ఎన్నికల సంఘానికీ అప్పగించాయి.

ఈ ప్రాంతంలో ఈ యంత్రాంగం చరిత్ర ఖాళీ పలక మీద మొదలు కాలేదు. 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టం కొండ ప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెట్టింది. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద విశాఖ ఏజెన్సీ పాక్షికంగా మినహాయించిన ప్రాంతమైంది. మైదానంలో సైతం ఓటు ఆస్తి, పన్ను, చదువు ఉన్నవారి సొత్తుగా ఉండేది. 1951-52 సార్వత్రిక ఎన్నికల్లో అక్షరం రాని కోట్ల మంది ఒక్కసారిగా ఓటర్లయినప్పుడు, మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ ఒక్కో అభ్యర్థికి గుర్తు అంటించిన ఒక్కో పెట్టె పెట్టించి, చదువు లేమి ఓటుకు అడ్డం కాకుండా చూశారు. ఇది పూర్తిగా పరిపాలనాపరమైన ఉపాయం. రాజ్యాంగం ఇచ్చిన హక్కు చేతికి అందడానికి ఇలాంటి ఉపాయమే ఆధారమైంది. అదే ఎన్నికల్లో తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని మాత్రమే నమోదు చేయించుకున్న సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లను జాబితా నుంచి తొలగించారు. వారిలో అత్యధికులు ఉత్తర భారత రాష్ట్రాలవారు. పేరు పెట్టి నమోదు చేయాలన్న పట్టుదల దీర్ఘకాలంలో స్త్రీలకు మేలు చేసిన మాట నిజమే అయినా, ఆ ఏడాది వారు ఓటు లేకుండానే మిగిలిపోయారు. సదుద్దేశంతో పెట్టిన నియమం కూడా ఎవరి మీద పడుతుందో చూసుకోకపోతే ఏమవుతుందో అన్నదానికి ఇది తొలి ఉదాహరణ.

2. జాబితా

ఓటరుకు ఎదురయ్యే మొదటి అనుభవం జాబితా. అందులో పేరు లేనివాడికి తక్కిన ఏర్పాట్లు ఎంత బాగున్నా ఒరిగేదేమీ లేదు. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల నాడు చాలామంది ఓటర్లు తమ పేర్లు గల్లంతైనట్టు కేంద్రం దగ్గరే తెలుసుకున్నారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల తన పేరు లేదని బహిరంగంగా చెప్పినందువల్ల ఆ వార్త దేశమంతా తెలిసింది, ఎన్నికల అధికారి క్షమాపణ కూడా చెప్పారు. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో 7వ నంబరు ఫారాలు, అంటే జాబితా నుంచి ఒక పేరు తొలగించమని కోరే దరఖాస్తులు, లక్షల సంఖ్యలో రావడం పెద్ద వివాదమైంది. ఎవరి పేరు మీద ఫారం దాఖలైందో ఆ మనిషికే తెలియని సందర్భాలు బయటపడ్డాయి.

ఈ విషయంలో న్యాయం ఏమిటో 1995లోనే సుప్రీంకోర్టు లాల్ బాబు హుస్సేన్ కేసులో తేల్చింది: ఒకసారి జాబితాలో చేరిన వ్యక్తికి నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం ఇచ్చిన తరువాతే పేరు తీసివేయాలి. 2025లో బీహార్‌లో ప్రత్యేక సవరణ తరువాత ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేకపోయినప్పుడు, ఆ పేర్లను కారణాలతో సహా ప్రకటించమని అదే న్యాయస్థానం ఆగస్టులో ఆదేశించవలసి వచ్చింది. ముప్పై ఏళ్ల కిందట చెప్పిన సూత్రాన్ని మళ్లీ చెప్పించుకోవలసిన స్థితి రావడం విచారకరం.

ఉత్తరాంధ్రకు ఈ సంగతి ఎందుకు ముఖ్యమంటే, బూత్ స్థాయి అధికారి, అందరి నోట బీఎల్‌వో, ఇంటికి వచ్చిన నాడు తాళం వేసి ఉన్న ఇళ్లు ఈ జిల్లాల్లో ఎక్కువ. ఆ తాళాలు ఊరు విడిచిపోయినవారివి కావు. పని దొరికే చోటికి వెళ్లి, పండక్కీ పెళ్లికీ తిరిగి వచ్చేవారివి. "శాశ్వతంగా వెళ్లిపోయారు" అన్న గడిలో ఒక టిక్కు పెట్టడానికి క్షణం చాలు. అది చెరిగి పేరు తిరిగి రావడానికి మాత్రం హైదరాబాదులో మేస్త్రీ పనిలో ఉన్న మనిషి కూలి పోగొట్టుకుని రావాలి. తప్పు చేసే ఖర్చు కార్యాలయానికి దాదాపు ఏమీ లేకపోవడం, దిద్దుకునే ఖర్చంతా పేదవాడి మీద పడడం జాబితా నిర్వహణలోని అసలు అన్యాయం.

3. దూరం, గంటలు

2024 మే 13న రాష్ట్రమంతటా ఒకేరోజు పోలింగు జరిగింది. ఎక్కువ నియోజకవర్గాల్లో ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు వేళలు పెట్టారు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలన్న కారణంతో అరకు, పాడేరు, రంపచోడవరంలో సాయంత్రం 4 గంటలకూ, పాలకొండ, కురుపాం, సాలూరులో 5 గంటలకూ ముగించారు. ఈ ఆరూ షెడ్యూల్డు తెగలకు రిజర్వు చేసిన స్థానాలే. రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ దూరం నడిచి వచ్చే ఓటర్లకు అందరికంటే తక్కువ సమయం దక్కిందన్నమాట.

భద్రత కారణాలు కల్పితాలు కావు. 2018 సెప్టెంబరులో అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావునూ మాజీ శాసనసభ్యుడు సివేరి సోమనూ మావోయిస్టులు కాల్చి చంపిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. చీకటి పడకముందే సిబ్బంది యంత్రాలతో కొండ దిగాలని కోరుకోవడంలో తప్పు లేదు, ఆ సిబ్బందిలో ఎక్కువమంది ఈ సభలో కూర్చున్నవారిలాంటి ఉపాధ్యాయులే. అయితే రాజ్యం తన భద్రత కోసం ఓటరు నుంచి ఒకటి రెండు గంటలు తీసుకున్నప్పుడు వాటికి బదులుగా ఏమిచ్చిందన్న ప్రశ్న మిగులుతుంది. ఎక్కువ కేంద్రాలు ఇచ్చిందా? నడక తగ్గించిందా? తరచు జరిగేది దీనికి విరుద్ధం. అదే భద్రత పేరుతో లోపలి కేంద్రాలను రోడ్డు పక్క ఊళ్లకు మారుస్తారు. అంటే దూరమూ పెరుగుతుంది, సమయమూ తగ్గుతుంది.

ఏ ఓటరూ 2 కిలోమీటర్లకు మించి వెళ్లవలసిన అవసరం ఉండకూడదన్నది ఎన్నికల సంఘం మార్గదర్శక సూత్రం. కొండల్లో 2 కిలోమీటర్లంటే ఏమిటో సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు మండలాల గూడేలు చూసినవారికి చెప్పనక్కరలేదు. మ్యాపు మీద గీత గీస్తే దగ్గరగా కనిపించే రెండు గూడేల మధ్య ఒక లోయ, ఒక గెడ్డ, ఒక ఎక్కుడు ఉంటాయి. జబ్బు చేసిన మనిషిని, నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే దారులవి. ఆ దారిలో ముసలి సవర ఓటరు మధ్యాహ్నం బయలుదేరి 5 గంటల 10 నిమిషాలకు చేరితే ఓటు లేదు. మైదానంలో 6 గంటలకు వరుసలో నిలబడినవారందరికీ వెనక నుంచి చీటీలు పంచి, అర్ధరాత్రి దాటినా ఓటు వేయించాలి, నియమం అదే, 2024లో కొన్ని కేంద్రాల్లో తెల్లవారుజామున 2 గంటల వరకు పోలింగు సాగింది కూడా. వరుసలో ఉన్నవాడి కోసం సాగే నియమం దారిలో ఉన్నవాడి కోసం సాగదు. దూరాన్ని నడక గంటల్లో కొలిచి, ఆ కొలత ప్రకారం అనుబంధ కేంద్రాలు పెట్టడమే దీనికి తగిన పరిష్కారం.

ఇక్కడ అమెరికా అనుభవం కొంత ఉపకరిస్తుంది. అక్కడ నల్లజాతివారిని ఓటుకు దూరం పెట్టడానికి దక్షిణాది రాష్ట్రాలు దశాబ్దాల తరబడి అక్షరాస్యతా పరీక్షలను సాధనంగా వాడాయి. 1965 ఓటింగు హక్కుల చట్టం వాటికి అడ్డుకట్ట వేసింది. చట్టంలోని వివక్ష పోయాక మిగిలింది నిర్వహణలోని వివక్ష. 2016 అధ్యక్ష ఎన్నికలో స్మార్ట్‌ఫోన్ల కదలికల ఆధారంగా పరిశోధకులు లెక్కగడితే, పూర్తిగా నల్లజాతివారు నివసించే పేటల ఓటర్లు పూర్తిగా తెల్లజాతివారి పేటల వారికంటే 29 శాతం ఎక్కువసేపు వేచి ఉన్నట్టు తేలింది. ఎవరూ ఎవరినీ ఓటు వేయవద్దనలేదు. యంత్రాలు, సిబ్బంది, కేంద్రాల కేటాయింపులోనే తేడా వచ్చి ఉండాలి. అంతకుముందే, 2014లో, అక్కడి అధ్యక్షుడు నియమించిన సంఘం ఒకటి ఏ ఓటరూ అరగంటకు మించి నిలబడకూడదని ప్రమాణం పెట్టింది. అక్కడ జాతి ఉన్న చోట ఇక్కడ కులాన్నీ తెగనూ పెట్టి చూస్తే ప్రశ్న మారదు. మారిందల్లా ఒకటే: అక్కడ కొలిచారు, ఇక్కడ కొలవలేదు. భయానికి లోనయ్యే ఆవాసాలను ముందే గుర్తించే పద్ధతి మన ఎన్నికల సంఘానికి ఉంది. దళితవాడల ఓటర్లను ఎవరూ అడ్డుకోకుండా చూడడంలో అది మెచ్చదగిన ఏర్పాటు. అలాంటి శ్రద్ధే నడకకూ నిరీక్షణకూ విస్తరించాలి.

శ్రీకాకుళం జిల్లాలో మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్న ఉద్దానం సంగతి కూడా ఈ సందర్భంలోనే చెప్పుకోవాలి. 2024లో 85 ఏళ్లు దాటినవారికీ, 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారికీ ఇంటి వద్దనే ఓటు వేసే సౌకర్యం కల్పించారు. నోటిఫికేషను వెలువడిన ఐదు రోజుల్లోగా 12డి ఫారం ఇవ్వాలి. వైకల్యాల చట్టం గుర్తించిన 21 రకాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి లేదు. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు డయాలసిస్ యంత్రానికి కట్టుబడి ఉండేవారు ఎందరో ఉన్నారు. ఎన్నిక సోమవారం వచ్చింది, వారి డయాలసిస్ కూడా సోమవారమే అయితే, ఆ మనిషి ఆసుపత్రికి వెళ్లి వచ్చాక మే నెల ఎండలో వరుసలో నిలబడాలని ఆశించడం క్రూరత్వమే. దేశమంతటికీ ఒకే జాబితా రాసినప్పుడు ఉద్దానం ఎవరికీ గుర్తు రాలేదు.

4. ఊరికి దూరంగా ఉన్న ఓటరు

శ్రీకాకుళం జిల్లా నుంచి సైన్యంలో చేరినవారు ఎంతోమంది. సరిహద్దులో ఉన్న జవానుకు తపాలా బ్యాలెట్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో చేరుతుంది, నింపి తపాలాలో పంపితే చాలు. ఇది ఎంతో న్యాయమైన ఏర్పాటు. అదే జవాను అన్నగారు చెన్నైలో సెంట్రింగు పనిలో ఉంటే, లేదా వేరావల్‌లో వేట బోటు మీద ఉంటే, అతని ఓటుకు ఏ దారీ లేదు.

వేరావల్ ఉదాహరణ మరికొంత వివరంగా చూడవలసినది. ఎచ్చెర్ల, రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం తీరపు మత్స్యకారులు ఇక్కడ జెట్టీలు, పని లేక గుజరాత్ బోట్ల మీద కూలికి వెళ్తారు. పశ్చిమ తీరంలో వేట నిషేధం జూన్ 1న మొదలై జూలై 31తో ముగుస్తుంది కాబట్టి ఆగస్టు నుంచి మే చివరి వరకు వారికి పని కాలం. 2019 ఏప్రిల్ 11, 2024 మే 13, రెండు పోలింగు తేదీలూ ఆ కాలంలోనే పడ్డాయి. 2018 చివర్లో సముద్ర సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకున్న మన మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు వద్ద విడుదలయ్యారు. మధ్యలో వచ్చిన సార్వత్రిక ఎన్నికల్లో వారి గోడు రాష్ట్రమంతా చర్చకు వచ్చింది గాని వారి ఓటు మాత్రం పెట్టెకు చేరలేదు. ఎన్నికల తేదీలు ఖరారు చేసేటప్పుడు పరీక్షలు, పండగలు, పంట కోతలు, వానలు చూస్తారు. వేట కాలం కూడా చూడాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు.

ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135బి సెక్షను పోలింగు రోజున వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలంటుంది, రోజు కూలీలకు కూడా. ఆ సెలవు ఒక్కరోజుకే. హైదరాబాదు నుంచి పాతపట్నం వచ్చి ఓటు వేసి తిరిగి వెళ్లడానికి మూడు రోజుల కూలీ, రానుపోను ఛార్జీలు కావాలి. ప్రతి ఎన్నికలోనూ కిక్కిరిసిన రైళ్లలో, బస్సుల్లో నిలబడి ఊరికి చేరే ఆ జనాన్ని చూసి ప్రజాస్వామ్య స్ఫూర్తి అని పొగడడం తేలిక. వారిలో ఎందరి ఛార్జీలు ఎవరు పెట్టుకున్నారో, ఆ ఛార్జీలకు బదులు ఏమి కోరారో కూడా ఈ సభలో అందరికీ తెలుసు. సొంత ఖర్చుతో రాలేనివాడు అభ్యర్థి ఖర్చుతో వస్తే, దాన్ని ఓటరు నైతిక పతనమని తిట్టడానికి ముందు ఆ ఖర్చు ఎందుకు పుట్టిందో ఆలోచించాలి. 2023 జనవరిలో ఎన్నికల సంఘం దూరప్రాంత ఓటింగు యంత్రం నమూనాను పార్టీల ముందు పెట్టింది. అనేక పార్టీలు అభ్యంతరం చెప్పాయి, ఆ ప్రయత్నం అక్కడే ఆగింది. అభ్యంతరాల్లో బలం లేకపోలేదు. కాని యంత్రం వద్దంటే తపాలా ఉంది, ముందస్తు కేంద్రాలు ఉన్నాయి. జవానుకు చేసినది కూలికి ఎందుకు చేయలేమో చెప్పే బాధ్యత రాజ్యానిది.

5. కొటియా

సాలూరు మండలానికీ ఒడిశాలోని కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ మధ్య ఉన్న కొటియా గ్రామాల్లో, ఇంతవరకు చెప్పుకున్న చిక్కులన్నీ ఒక్కచోట పోగుపడ్డాయి. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు ఈ కొండ గ్రామాల హద్దు తేలలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది, యథాతథ స్థితి కొనసాగించమని ఆదేశం వచ్చింది. 2006లో ఈ వివాదం 131వ అధికరణం కింద తమ ముందు నిలవదని చెబుతూ కోర్టు దావాను ముగించింది, యథాతథ స్థితి మాత్రం మిగిలింది. ఆ స్థితి అంటే ఏమిటో రెండు ప్రభుత్వాలూ రెండు విధాలుగా చెప్పుకుంటాయి.

అక్కడి ఆదివాసులకు రెండు రాష్ట్రాల రేషను కార్డులు, రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ లెక్కలో వారు సాలూరు శాసనసభ, అరకు లోక్‌సభ ఓటర్లు. ఒడిశా లెక్కలో పొట్టంగి శాసనసభ, కోరాపుట్ లోక్‌సభ ఓటర్లు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ఒక వ్యక్తి ఒకటికి మించిన నియోజకవర్గాల్లో నమోదు కాకూడదంటుంది. 1951 చట్టంలోని 62వ సెక్షను ఒకే తరగతికి చెందిన రెండు నియోజకవర్గాల్లో ఓటు వేస్తే రెండు ఓట్లూ చెల్లవంటుంది. 2019లోనూ 2024లోనూ ఈ రెండు ప్రాంతాలకూ ఒకేరోజు పోలింగు వచ్చింది. 2024లో చాలామంది రెండు వైపులా ఓటు వేసినట్టు పత్రికలు రాశాయి.

ఈ వార్తను దొంగ ఓట్ల కథగా చదవడం తప్పు. రెండు జాబితాల్లోనూ పేర్లు రాసుకున్నది ప్రభుత్వాలే. ఏ ఒక్క జాబితా వదులుకున్నా ఆ వైపు రేషను, పింఛను, రోడ్డు పోతాయన్న భయం ఓటరుది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు పంచాయతీలకు ఎన్నికలు జరిపినప్పుడు ఒడిశా కోర్టు ధిక్కరణ పిటిషను వేసింది. అదే ఏప్రిల్‌లో పరిషత్ ఎన్నికల నాడు ఒడిశా సిబ్బంది దారులు మూస్తే, కొందరు కొండ దారుల్లో తిరిగి వచ్చి ఓటు వేశారు. ఒక ప్రభుత్వం రమ్మని పిలిచి, మరో ప్రభుత్వం దారికి అడ్డం నిలబడినప్పుడు ఆ ఓటరు అనుభవం ఏమై ఉంటుంది? దేశమంతటా ఓటు ఒక మనిషి తన ప్రభుత్వాన్ని ఎంచుకునే సాధనం. కొటియాలో మాత్రం ఒక ప్రభుత్వం తన మనుషుల్ని లెక్క చూపుకునే సాధనమైపోయింది. అక్కడ పోలింగు శాతం పౌరుల ఆసక్తిని కొలవదు, భూమి మీద హక్కుకు సాక్ష్యంగా దాఖలవుతుంది.

హద్దు తేల్చడం పార్లమెంటు పని, అది ఎప్పటికి జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కాని భారత ఎన్నికల సంఘం రెండు రాష్ట్రాలకూ ఒక్కటే. ఈ గ్రామాలకు ఒకే ఉమ్మడి జాబితా తయారుచేసి, ప్రతి ఓటరూ ఏ వైపు ఓటు వేయాలో తానే ఎంచుకునే అవకాశం ఇచ్చి, ఆ ఎంపిక హద్దు వివాదంలో ఏ పక్షానికీ సాక్ష్యం కాదని, సంక్షేమ పథకాలకు దానితో సంబంధం లేదని రెండు ప్రభుత్వాల చేత రాయించుకోవడం ఆ సంఘానికి అసాధ్యం కాదు. కొన్ని వేల మంది ఆదివాసుల విషయం కావడం వల్లనే ఇది ఇన్ని దశాబ్దాలు ఎవరికీ తొందర కాలేదని చెప్పక తప్పదు.

6. నమ్మకం ఎక్కడ పుడుతుంది

2019 ఏప్రిల్ 11న రాష్ట్రంలో చాలాచోట్ల యంత్రాలు మొరాయించి పోలింగు ఆలస్యంగా మొదలై రాత్రి వరకు సాగింది. అంతకు మూడు రోజుల ముందే, అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు, ఇతర పార్టీల నాయకులు కలిసి వేసిన పిటిషను మీద, వీవీప్యాట్ చీటీలను, అంటే ఓటరు ఎవరికి వేశాడో ఏడు క్షణాలు చూపి పెట్టెలో పడే కాగితాలను, ఒక్కో శాసనసభ స్థానంలో ఐదేసి కేంద్రాలలో లెక్కించి సరిపోల్చమని సుప్రీంకోర్టు ఆదేశించింది. పిటిషనర్లు అడిగింది 50 శాతం. 2024 ఫలితాల తరువాత యంత్రాలను వదిలి కాగితపు బ్యాలెట్లకు తిరిగి వెళ్లాలన్నది మాజీ ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి. గెలిచినవారి అనుచరులకు ఎన్నిక మీద నమ్మకం ఎక్కువగానూ ఓడినవారికి తక్కువగానూ ఉండడం అనేక దేశాల్లో పరిశోధకులు గమనించిన సంగతే. కాబట్టి ఒక వ్యవస్థ ఎంత నమ్మదగినదో గెలిచినవాడిని అడిగి ప్రయోజనం లేదు. ఓడినవాడు పరీక్షించుకోవడానికి ఏం మిగిల్చిందో చూడాలి.

ఆ పరీక్ష విజయనగరం జిల్లాలోనే జరిగింది. 2024 ఏప్రిల్ 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టు, రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఏడు రోజుల్లోగా కోరితే ఒక్కో శాసనసభ సెగ్మెంటులో 5 శాతం యంత్రాలను ఇంజినీర్ల చేత తనిఖీ చేయించుకోవచ్చన్నది. 2024లో ఒక్కో యంత్రాల జతకు పన్నుతో కలిపి 47,200 రూపాయలు కట్టవలసి ఉండేది. విజయనగరం లోక్‌సభ, గజపతినగరం శాసనసభ స్థానాల్లో ఓడిన అభ్యర్థులు ఆ అవకాశం కోరినవారిలో ఉన్నారు. లెక్కింపు నాడు బ్యాటరీ ఛార్జింగు ఎక్కువగా కనిపించడం మీద కూడా సందేహాలు రేగాయి. ఆ యంత్రాల్లో వాడేది మళ్లీ ఛార్జి చేయలేని బ్యాటరీ అనీ, వోల్టేజి 7.4 నుంచి 8 వరకు ఉంటే తెర మీద 99 శాతం అనే కనిపిస్తుందనీ ఎన్నికల సంఘం 2024 అక్టోబరులో హర్యానా ఫిర్యాదులకు జవాబుగా వివరించింది. ఆ వివరణ తృప్తికరమో కాదో వేరే విషయం. ఇంత చిన్న సంగతిని పోలింగుకు ముందే ఏజెంట్లకు తెలుగులో ఒక పేజీ కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే, ఒక సందేహం పుట్టేదే కాదు. అనుమానం వచ్చాక ఇచ్చే సంజాయిషీ ఎంత నిజమైనా సగం మందికి చేరదు.

పోలింగు శాతం విషయంలోనూ ఇదే జరిగింది. 2024లో రాష్ట్రంలో తుది శాతం 81.86 అని ప్రకటించారు. పోలింగు రోజు సాయంత్రం చెప్పిన తాత్కాలిక అంకెకూ దీనికీ మధ్య ఉన్న తేడా మీద ఇప్పటికీ వాదన నడుస్తున్నది. రాత్రి పొద్దుపోయేదాకా వరుసలు ఉన్న మాట వాస్తవం కాబట్టి తేడా రావడం వింత కాదు. కాని ప్రతి కేంద్రంలో పోలైన ఓట్ల లెక్క 17సి ఫారంలో రాసి, ప్రిసైడింగు అధికారి సంతకంతో ఏజెంట్లకు ఆ రాత్రే ఇస్తారు. ఆ ఫారాన్ని, చీటీలు ఎందరికి పంచారో, చివరి ఓటు ఎన్ని గంటలకు పడిందో, యంత్రం మార్చారా లేదా అన్న వివరాలతో కలిపి మర్నాడే కలెక్టరు కార్యాలయం బయట పెడితే, వాదించేవారు వాదించవలసింది అంకెలతో అవుతుంది. డ్యూటీ చేసిన ఉపాధ్యాయ మిత్రులు ఈ వివరాలన్నీ ప్రిసైడింగు అధికారి డైరీలో రాసే ఉంటారు. కొత్తగా రాయవలసింది ఏమీ లేదు, రాసింది బయటపెట్టాలి.

ఓటరు తరఫున మరొక అడ్డంకి ఉంది. వీవీప్యాట్ చీటీ మీద తాను వేసిన గుర్తు రాలేదని ఎవరైనా చెబితే, 1961 ఎన్నికల నిర్వహణ నియమావళిలోని 49ఎంఎ కింద రాతపూర్వక ప్రకటన ఇవ్వాలి. పరీక్షా ఓటులో తేడా కనబడకపోతే ఫిర్యాదు చేసినవారే శిక్షార్హులు. సంతకం చేయడానికే జంకే ఉపాధి కూలీ, పోలీసు ఎదురుగా ఈ మాట విన్నాక నోరు మెదుపుతుందని అనుకోలేం. ఫిర్యాదులు తక్కువ వచ్చాయన్న అంకెను నమ్మకానికి నిదర్శనంగా చూపేముందు ఈ నియమాన్ని గుర్తుంచుకోవాలి.

7. రహస్యం

చివరి సంగతి అన్నిటికంటే చిన్న గూడేలకు సంబంధించినది. పెట్టెల కాలంలో వివిధ కేంద్రాల బ్యాలెట్లను కలిపి లెక్కించడానికి 59ఎ నియమం వీలిచ్చేది. యంత్రాలు వచ్చాక ప్రతి కేంద్రం లెక్క విడిగా వస్తుంది, 20వ నంబరు ఫారంలో అచ్చవుతుంది. వెయ్యిమందికి పైగా ఉన్న పట్టణ బూతులో దీనివల్ల హాని లేదు. రెండు మూడు గూడేలకు ఒక బూతు ఉన్న చోట, ఫలానా గూడెం ఫలానా పార్టీకి వేయలేదని ఫలితాల సాయంత్రానికే తెలిసిపోతుంది. ఇల్లు, పింఛను, ఉపాధి పని, తాగునీటి పథకం అన్నీ ఎవరో ఒకరి సిఫారసుతో ముడిపడి ఉన్న చోట ఆ సమాచారం చేతిలో కర్రలాంటిది. 2024 మార్చి 30న ఎన్నికల సంఘం గ్రామ వాలంటీర్లను పింఛన్ల పంపిణీ నుంచి తప్పించమన్నది ఇలాంటి ఒత్తిడి భయంతోనే. ప్రత్యామ్నాయం సరిగా ఆలోచించకపోవడంతో ఆ రెండు నెలలు వృద్ధులు సచివాలయాల వద్ద, బ్యాంకుల వద్ద ఎండలో పడిగాపులు పడ్డారు. మనిషిని తొలగించడం తేలికే, అతని చేతిలోని సమాచారాన్ని తొలగించడం గురించి ఎవరూ ఆలోచించలేదు.

కొన్ని యంత్రాల లెక్కలను కలిపి ఒకే మొత్తంగా చూపే టోటలైజరు అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015 మార్చిలో లా కమిషన్ తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో వ్యతిరేకించింది. 17సి లెక్కలను బయటపెట్టమనే వాదనకూ దీనికీ వైరుధ్యం లేదు. ఎన్ని ఓట్లు పోలయ్యాయన్నది అందరికీ తెలియాలి, ఏ గూడెం ఎవరికి వేసిందన్నది ఎవరికీ తెలియకూడదు. దేశమంతటా ఒకేసారి అమలు చేయడం కష్టమనుకుంటే పాలకొండ, కురుపాం, సాలూరు నియోజకవర్గాలతో మొదలుపెట్టవచ్చు. నిబంధనల్లో చేయవలసిన మార్పు కొద్దిపాటిది, పరికరం నమూనా సిద్ధంగా ఉంది, లెక్కింపు బల్లల సంఖ్య కూడా పెరగదు.